వేళ్లకు పూసిన పసుపు

నాకు ముక్కు మీద కోపం. ఆ సంగతి మా అత్తగారి ఊళ్లో అందరికీ తెలుసు. నా పసుపు పిచ్చి కూడా అంతే బాగా తెలుసు. మా పుట్టినిల్లు జక్రాన్‌పల్లి దగ్గర, పసుపు పండించే ఊరు. నన్ను ఇచ్చింది బోధన్ వైపు, కాలువ కింద చెరకు పండించే ఊరికి. కాపురానికి వచ్చిన రోజు నా పెట్టెతోపాటు మా బాపు చేనులో పండిన పసుపు కూడా ఒక బస్తా బండి దిగింది.

"గింత పసుపు ఏం జేసుకుంటవు పిల్లా, గోడలకు పూస్తవా?" అని మా అత్త నవ్వింది.

ఆ నవ్వు నాకు నచ్చలేదు. అందుకే ఏటా పుట్టింటికి పోయి మరీ పసుపు తెచ్చుకునేదాన్ని. తెగినా పసుపే, కమిలినా పసుపే, జలుబు చేసినా పసుపే. మా ఆయన కాలికి గొడ్డలి తగిలినప్పుడు నేను పెట్టిన పసుపుతోనే పుండు మానింది. ఇక నా పసుపుకు ఎదురు లేదనుకున్నాను. నా బిడ్డ కుడిచేయి పోయేంత పని అయింది ఆ పసుపువల్లనే. ఆ మాట చాలా ఏళ్లు నోరు దాటనివ్వలేదు. ఇప్పుడు చెబుతున్నాను.

అరవైల మొదట్లో మాట. నా బిడ్డకు అప్పుడు ఏడేళ్లు. ఒక్కతే బిడ్డ. రెండో తరగతి చదువుతోంది. మా ఆయనకు చదువు రాదు. బోధన్ చక్కెర ఫ్యాక్టరీ నుంచి చెరకు కోతకు చీటీ వస్తే బిడ్డ చేతికిచ్చి చదివించుకునేవాడు. అది కూడబలుక్కుంటూ చదువుతుంటే, పక్కన మనిషి ఉన్నా లేకున్నా "సూసిండ్రా నా బిడ్డను?" అనేవాడు. ఒకరోజు అది పలక మీద ఆయన పేరు రాసి చూపించింది. ఆ పలకను ఎవర్నీ తుడవనివ్వలేదాయన. బడికి వేరే పలక కొనిచ్చి, దాన్ని గూట్లో నిలబెట్టాడు. వచ్చిన వాళ్లకల్లా చూపించేవాడు. నాకు నవ్వొచ్చేది, గర్వంగానూ ఉండేది.

ఆ చలికాలం కోతలు జోరుగా సాగుతున్నాయి. ఒక పొద్దున రెండు బండ్ల నిండా చెరకు నింపుకొని మా ఆయన, జీతగాడు బోధన్ బయలుదేరారు. ఫ్యాక్టరీ ముందు బండ్లు బారులు తీరి ఉండేవి. ఒకసారి పోతే రెండు రోజులకో మూడు రోజులకో గాని తిరిగి రారు. బిడ్డ వెనుక బండి వెంట పరుగెత్తింది. కట్టలోంచి ఒక గడ గుంజుకుందామని దాన్ని పట్టుకొని వేలాడింది. చక్రం రాయి ఎక్కి దిగింది. గడ ఊడి చేతికి రానే వచ్చింది. బిడ్డ మాత్రం గట్టి నేల మీద కుడిచేయి ఆనించి పడింది.

నేను చేరేసరికి బండ్లు కాలువ గట్టు ఎక్కాయి. చక్రాల కిర్రుమనే చప్పుడులో నా కేక వాళ్లకు వినపడలేదు. బిడ్డ మోచేయి ఉండాల్సిన తీరులో లేదు. వెనక్కి ఉబ్బి, పక్కకు తిరిగి ఉంది. నేను దాన్ని ఒళ్లోకి తీసుకున్నాను. మా అత్త "కట్ల తాతను పిలుసుకొస్త, నువ్వు దాన్ని కదలనియ్యకు" అని పరుగందుకుంది.

కట్ల తాత మా ఊరి గొర్రెల కాపరి. చిన్నప్పుడు విరిగిన గొర్రెల కాళ్లకు కట్లు కడుతూ నేర్చుకున్నాడట. తర్వాత మనుషులకూ కట్టాడు. చుట్టుపక్కల పది ఊళ్లలో కాలు విరిగినా చేయి విరిగినా ఆయన గుడిసె ముందే బండి ఆగేది. ఎవరి దగ్గరా పైసా తీసుకునేవాడు కాదు. తీసుకుంటే చేతిలో గుణం పోతుందనేవాడు.

తాత వచ్చి బిడ్డ పక్కన కూర్చున్నాడు. కళ్లు మూసుకొని మోచేతి చుట్టూ తడిమి చూశాడు. వేళ్లు కదిలించమన్నాడు. అది ఏడుస్తూనే కదిలించింది. ఆయన ముఖం కాస్త తేటపడింది. కోడిగుడ్డు, మినప పిండి కావాలంటే అత్త ఇంట్లోకి పోయింది. ఆ కాసేపట్లోనే తాత చేయి లాగి ఎముకను సర్దాడు. బిడ్డ పెట్టిన కేక ఇప్పటికీ నా చెవుల్లోనే ఉంది. గుడ్డు తెల్లసొనలో పిండి కలిపి, గుడ్డకు పట్టించి, మోచేతికి చుట్టాడు. దాని మీద వెదురు బద్దలు పేర్చి దారంతో కట్టాడు. వేళ్లను మాత్రం కట్టు బయటికి వదిలాడు.

"ఇగో బిడ్డా, సెప్పేది విను" అన్నాడు నాతో. "వాపు ఇంకా పెరుగుతది. కట్టు బిగుసుకుంటది. గందుకే వేళ్లు బయట వెట్టిన. పొద్దుమీకి ఒకపారి సూడు, పండేముందు ఒకపారి సూడు. నల్లవడ్డా, సల్లవడ్డా, తిమ్మిరి పట్టినా నా కోసం సూడకు. కట్టు కోసి పారెయ్యి. ఎముకనైతే మళ్ల కట్టుకుంటం, చేయి పోతే మళ్ల తేలేము."

"సరే తాతా" అన్నాను.

"మందను తోలుకొని మంజీర దిక్కు పోతున్న. రేపు మాపటికి వస్త. సూసుడు మరువకు."

గుడ్డు, పిండి తెచ్చిచ్చి అత్త మళ్లీ లోపలికి పోయింది, ఈ మాటలు అన్నప్పుడు అక్కడ లేదు. విన్నది నేనొక్కదాన్నే. ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

సాయంత్రానికి వేళ్లు ఉబ్బాయి. చూశాను, తాత చెప్పినట్టే చూశాను. ఎర్రగా, బిర్రుగా, చర్మం మెరుస్తూ ఉన్నాయి. నల్లబడలేదు. వాపును కళ్లతో చూసి ఊరికే కూర్చునే రకం కాదు నేను. వాపంటే పసుపే కదా. అత్త కొట్టంలో పాలు పితుకుతుండగా నువ్వుల నూనె వేడి చేసి, బాపు చేనులో పండిన పసుపు దోసెడు వేసి, చిక్కగా ఉడికించాను. గోరువెచ్చగా అయ్యాక కట్టు అంచు నుంచి గోళ్ల కొసల దాకా ఒక్క సందు వదలకుండా పూశాను. బిడ్డ ఏడుస్తుంటే "ఇది పెడితే తెల్లారేసరికి దిగుతది" అని బుజ్జగించాను. ఎంత ప్రేమగా పూశానో తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం.

పడుకునే ముందు దీపం తెచ్చి మళ్లీ చూశాను. వేళ్లు పచ్చగా, పెళ్లికూతురి వేళ్లలా ఉన్నాయి. నిశ్చింతగా దీపం తీసుకుపోయాను. నేను చూసింది బిడ్డ వేళ్లను కాదు, నా పసుపును. ఆ తేడా అప్పుడు నా బుర్రకు తట్టలేదు.

బిడ్డ ఒక్క కన్ను మూయలేదు. "అవ్వా, ఇప్పు. అవ్వా, కట్టు ఇప్పు" అని నన్ను పట్టుకొని ఒకటే ఏడుపు. నా చేయి రెండుసార్లు ముడి దాకా పోయింది. అత్త కసిరింది.

"తొమ్మిది దినాలు ముట్టొద్దు. కట్టు ఇప్పితే ఎముక జన్మల అతుకదు. మొదటి దినం అందరికీ గింతే. నా కాలు ఇరిగినప్పుడు నేను ఏడ్వలేదా?"

నేను తాత మాటలు చెప్పాను. "గట్ల అనడు. నువ్వు తప్పు విన్నవు" అంది. నిజానికి నాకూ గట్టిగా వాదించాలనిపించలేదు. వేళ్లు పచ్చగా, మంచిగానే ఉన్నాయి కదా.

తెల్లవారాక ఏడుపు ఆగింది. అమ్మయ్య అనుకున్నాను. గంజి తాగించాను. అత్త పాలు పితకబోయినప్పుడు పసుపు మళ్లీ వేడి చేసి, మీద ఇంకో పూత పూశాను.

"నొప్పి తక్కువైందా బిడ్డా?"

"ఏం తెలుస్తలేదవ్వా."

ఏమీ తెలియడం లేదంటే నొప్పి పోయిందనుకున్నాను. అత్త వైపు చూశాను. "నేను సెప్పలేదా?" అన్నట్టు తల ఊపింది. ఆ పూట మేమిద్దరం పోట్లాడుకోలేదు. అసలు ఇంట్లో అంత నెమ్మదిగా గడిచిన పొద్దు నాకు గుర్తు లేదు. ఆ నెమ్మది చూసి భయపడాలని మాకెవరు చెప్పారు?

మధ్యాహ్నం కావస్తుండగా మా ఎదురింటి కోస్తావాళ్ల ఆవిడ పెరుగు తోడుకు వచ్చింది. కృష్ణా జిల్లా నుంచి వచ్చి కాలువ కింద పొలాలు కొనుక్కున్న కుటుంబం వాళ్లది. బిడ్డ అరుగు మీద కూర్చొని ఎడమచేత్తో చెరకు ముక్క నములుతోంది. కట్టు కట్టిన చేయి ఒడిలో ఉంది. చెరకు రసం కారి ఒళ్లంతా జిగటగా అయింది.

"ఏవమ్మా, దాని చేతి మీద చీమ చూడు" అంది ఆవిడ.

గండుచీమ. బిడ్డ మధ్యవేలి కొసను కరిచి పట్టుకొని, ఒళ్లంతా పైకి లేపి వేలాడుతోంది. అలా కరిస్తే పెద్దవాళ్లమే ఎగిరి గంతేస్తాం. బిడ్డ చెరకు నములుతూనే ఉంది. నేను చీమను పట్టి లాగాను. దాని తల తెగి వేలిలోనే ఉండిపోయింది. బిడ్డ నావైపు కూడా చూడలేదు. ఆ వేలు తనది కానట్టే కూర్చుంది.

 ఆ వేలిని గిచ్చాను. గట్టిగా గిచ్చాను. గోరు దిగేలా గిచ్చాను.

"నొప్పి వెడుతుందా?"

"ఏది అవ్వా?"

గాబులోంచి చెంబుతో నీళ్లు ముంచి ఆ చేతి మీద కుమ్మరించాను. నూనెలో ఉడికిన పసుపు ఎందుకు వదులుతుంది? పొయ్యిలో బూడిద తెచ్చి రుద్దాను, కొంగుతో తుడిచాను. ముందు ఒక గోరు బయటపడింది. నేరేడు పండు రంగులో ఉంది. తర్వాత మరో గోరు, ఆ తర్వాత వేళ్లు. పసుపు చారల మధ్య నీలం, నలుపు. పట్టుకుంటే కుండలో నీళ్లలా చల్లగా ఉన్నాయి. బిడ్డ అప్పుడే మొదటిసారి తన చేతిని చూసుకొని ఏడుపు అందుకుంది.

ఇంట్లోకి పరుగెత్తి చూరులో దోపిన కొడవలి లాగాను. అత్త నా మణికట్టు పట్టుకుంది.

"ముట్టకు! నా కొడుకు వచ్చినంక నేనేం జవాబు సెప్పాలె?"

"చేయి వదులు అత్తా. వదలకపోతే నీ వేళ్లు తెగుతయి."

అన్నమాటే చేసేదాన్ని కూడా. నా కళ్లలో ఏం కనిపించిందో గాని అత్త వదిలేసింది. కోస్తావాళ్ల ఆవిడ బిడ్డను ఒడిలోకి తీసుకొని కదలకుండా పట్టుకుంది. కొడవలి మొనను దారం కింద దూర్చి ఒక్కొక్క చుట్టే కోశాను. పిండి పట్టించిన గుడ్డ ఎండి చెక్కలా బిగుసుకుపోయింది. అది విప్పుతుంటే లోపల బొబ్బలు. చేయి ఒకటికి రెండింతలైంది. కట్టు పూర్తిగా ఊడిపోయినా వేళ్ల రంగు మారలేదు. చూస్తూ కూర్చున్నాం. మారలేదు.

"ఇక్కడ కూర్చుంటే లాభం లేదు. మా ఆయన ట్రాక్టరు తీస్తారు. నిజామాబాదు పెద్దాసుపత్రికి పోదాం, లే" అంది ఆవిడ.

బిడ్డను ఒళ్లో పెట్టుకొని ట్రాలీలో గడ్డి మీద కూర్చున్నాను. ఆవిడ పక్కన కూర్చొని బిడ్డ చేతిని పైకెత్తి పట్టుకుంది. దారి పొడవునా బోధన్‌కు పోయే చెరకు బండ్లే ఎదురొచ్చాయి. ఒకదాని వెనుక ఒకటి, రోడ్డంతా వాటిదే. ట్రాక్టరు పది గజాలు పోవడం, పక్కకు దిగి ఆగడం. ఆవిడ భర్త నిలబడి అరుస్తున్నాడు. "జర్రాగు దొరా, ఎద్దులు బెదురుతున్నయి" అని బండ్ల వాళ్లు తిరిగి అరుస్తున్నారు. ఎప్పుడూ దేవుళ్లకు మొక్కేదాన్నే గాని ఆ రోజు ఒక్క దేవుడి పేరూ నోటికి రాలేదు. వేళ్లను నొక్కుతూ, ఊదుతూ, "కదిలించు బిడ్డా, కొద్దిగ కదిలించు" అంటూనే ఉన్నాను. అది పళ్లు బిగబట్టి ప్రయత్నించింది. ఒక్క వేలూ కదల్లేదు. అప్పుడు అది అడిగింది: "అవ్వా, నేను ఇగ బాపు పేరు రాయనా?"

 ఊరుకోమని కసిరాను. కసరకపోతే నేను అక్కడే పెద్దగా ఏడ్చేదాన్ని.

దవాఖానలో డాక్టరు నడివయసు మనిషి, మాట గట్టిది. వేళ్లు చూడగానే నర్సును పిలిచి లోపల బల్ల సిద్ధం చేయమన్నాడు. చేతి మీద మిగిలిన పసుపు చారను దూదితో తుడిచి, ఆ దూదిని నా ముఖం ముందు పెట్టాడు.

"కట్టు ఎవరు కట్టిండ్రు?"

"మా ఊరి తాత."

"కట్టు కట్టినందుకు నేనేమీ అనను. ఎవరు కట్టినా, నేను కట్టినా, వాపు వస్తే బిగుసుకుంటది. నిన్న రాత్రి ఈ వేళ్ల రంగు చూసుంటే ఈ గండం ఉండకపోవు. రంగు కనపడకుంట గీ పసుపు పూసిందెవరు?"

పక్కన కోస్తావాళ్ల ఆవిడ ఉంది. వాకిట్లో ఎవరెవరో రోగుల బంధువులు ఉన్నారు. అందరూ నావైపే చూస్తున్నట్టనిపించింది.

"ఆయనే" అన్నాను. "కట్టినాయనే పూసిండు."

ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. అబద్ధాలు చెప్పే మనిషిని కాదు నేను. ఊళ్లో ఎవరి ముఖం మీదైనా ఉన్నదున్నట్టు అనేస్తానని పేరు. ఆ రోజు మాత్రం నోట్లో సిద్ధంగా ఉన్నట్టు వచ్చేసింది.

బిడ్డను లోపలికి తీసుకుపోయారు. మోచేతి నుంచి మణికట్టు దాకా చర్మం, దాని కింది పొర కోసి వదిలేశారట, లోపలి బిగువు తగ్గడానికి. బయటికి వచ్చి డాక్టరు చెప్పిన మాటలు మరిచిపోలేదు. "చేతిలోకి రక్తం పోతే చేయి ఉంటది. పోకపోతే తీసెయ్యాలె. రేపు, ఎల్లుండి సూద్దాం."

గోరును నొక్కి వదిలితే తెల్లబడి మళ్లీ రంగు రావాలని నర్సు నాకు నేర్పించింది. రెండు రోజులూ నాకు వేరే పని లేదు. నొక్కడం, వదలడం, చూడడం. తాత చూడమంటే చూడని చూపు అంతా ఆ రెండు రోజుల్లో చూశాను. మొదటి రోజు ఏమీ రాలేదు. రెండో రోజు పొద్దున బొటనవేలు గోరు నొక్కి వదిలాను. తెల్లబడింది. ఒకటి, రెండు, మూడు లెక్కపెట్టాను. లేత గులాబీ రంగు మెల్లగా వచ్చి గోరు నిండింది. నా కళ్లు నన్ను మోసం చేస్తున్నాయేమోనని నర్సును చేయి పట్టి లాక్కొచ్చాను. ఆమె నొక్కింది. మళ్లీ వచ్చింది. ఆ నర్సు కాళ్ల మీద పడబోతే ఆమె కసిరి పక్కకు జరిగింది.

అదే రోజు మధ్యాహ్నం మా ఆయన వచ్చాడు. బోధన్‌లో బండ్ల బారులో ఉండగా ఎవరో చెప్పారట. బిడ్డ చేతికున్న కోతలు చూసి గోడకు ఆనుకొని కూలబడ్డాడు. పసుపు మాట కోస్తావాళ్ల ఆవిడ నోట అప్పటికే ఊరు చేరింది, నేను చెప్పినట్టే. ఆయన నన్నేమీ అడగలేదు. లేచి ఊరికి పోయాడు. గొడ్డలి తీసుకొని తాత గుడిసెకు పోయి, చూరులో ఉన్న వెదురు బద్దలన్నీ లాగి, ఆయన కళ్ల ముందే ముక్కలు చేశాడట. "ఇంకొకసారి ఎవరికన్నా కట్టు కట్టినవంటే నీ చేయి ఇట్లనే ఇరుస్త" అన్నాడట. తాత ఒక్క మాట కూడా అనలేదని దవాఖానకు వచ్చినప్పుడు అత్త చెప్పింది. "తప్పు జేసినోడు ఏమంటడు?" అని కూడా అంది. నేను పసుపు పూయడం ఆమె చూడలేదు.

నేను బిడ్డ గోరు నొక్కుతూ తల వంచుకొని విన్నాను.

నెలన్నర దవాఖానలోనే ఉన్నాం. పుండు మానింది, ఎముక అతికింది. ఇంటికి పంపుతూ డాక్టరు ఒకటే చెప్పాడు. "నూనె పెట్టి తోముడు, పట్టి గుంజుడు, గసుంటివి చేసిండ్రంటే కీలు మొత్తం బిగుసుకపోతది. పిల్లనే తనంతట తాను కదిలించాలె. రోజుకు పదిసార్లు. ఏడ్చినా సరే."

అత్త నూనె గిన్నె పట్టుకొని ఎన్నిసార్లు వచ్చిందో! ప్రతిసారీ పోట్లాడాను. ఈసారి నా కోపం సరైన చోట పని చేసింది. పాత బట్టలు ఉండగా చుట్టి పిడికిలిలో పెట్టి నొక్కమనేదాన్ని. బిడ్డకు చెమటలు పట్టేవి. నా మీద అలిగి రోజుల తరబడి మాట్లాడేది కాదు. పుట్టింట్లో పసుపు తవ్వే కాలానికి దాన్ని తీసుకుపోయాను. తవ్విన దుంపల నుంచి కొమ్ములు విరిచే పని దాని ముందు పెట్టాను. మొదట ఎడమచేత్తో విరిచేది. నేను ఎడమచేతిని కొంగుతో కట్టేశాను. మా బాపు నన్ను తిట్టాడు. మూడో రోజు సాయంత్రం టక్కుమని చప్పుడైంది. అందరం తిరిగి చూశాం. కుడిచేతిలో కొమ్ము పట్టుకొని అది నావైపు కోపంగా చూస్తోంది.

ఆ ఏడాది చివరికి బలపం పట్టుకోగలిగింది. చిటికెన వేలు, ఉంగరపు వేలు మాత్రం వంగే ఉండిపోయాయి. మిగతా మూడు వేళ్లతో గూట్లో ఉన్న పలక మీద, పాత పేరు కిందనే, బాపు పేరు మళ్లీ రాసింది. అక్షరాలు వంకర. మా ఆయన ఆ పలక పట్టుకొని వాకిట్లోకి పోయి చాలాసేపు లోపలికి రాలేదు.

చేయి నిలబడింది. తాత బతుకు మాత్రం నిలబడలేదు. ఆయన దగ్గరికి జనం రావడం మానేశారు. మేకపిల్ల కాలు విరిగినా ఇంకెవరినో పిలిచారు. ఆయన మంద వెంట మా వీధిలోంచి పోయేటప్పుడు నేను తలుపు చాటుకు జరిగేదాన్ని. ఆయన మా ఇంటివైపు చూసేవాడు. నన్ను కాదు, బిడ్డ కనబడుతుందేమోనని. అలా ఎన్ని చలికాలాలు గడిచాయో. ఎప్పటికప్పుడు చెబుదామనుకునేదాన్ని. అంతలో మా ఆయన గొడ్డలి గుర్తొచ్చేది. 

బిడ్డకు పద్నాలుగేళ్లు వచ్చాక ఒక సాయంత్రం బడి నుంచి వస్తూ వీధి మలుపులో తాతకు ఎదురుపడింది. నేను అరుగు మీద బియ్యం ఏరుతున్నాను. తప్పించుకునే సందు లేదు. తాత ఆగాడు.

"ఏదీ బిడ్డా, చేయి సూపియ్యి."

అది పుస్తకాలు చంకలో పెట్టుకొని చేయి చాపింది. తాత ఒక్కొక్క వేలినే పట్టి చూశాడు. వంగిన రెండు వేళ్ల దగ్గర ఆగి నిమిరాడు. ఆయన చేతులు వణుకుతున్నాయి.

అప్పుడు నా బిడ్డ, నాకు వినపడేటట్టే, నెమ్మదిగా అంది: "తాతా, పసుపు నువ్వు పూయలేదు. మా అవ్వ పూసింది. నాకు యాదుంది."

చేట నా ఒళ్లోంచి జారి బియ్యమంతా చిందిపోయింది. ఏడేళ్లు. ఏడేళ్లుగా దానికి తెలుసు. బాపు ముందు గాని, నాన్నమ్మ ముందు గాని, నా ముందు గాని ఒక్కనాడూ అనలేదు.

"నాకెరుకనే" అన్నాడు తాత. "నా కట్టుల పసుపు ఉండదు బిడ్డా. వాళ్లు గా మాట అన్ననాడే ఎరుక."

నేను అరుగు దిగి పోయాను. 

"మరి ఎందుకు సెప్పలేదు తాతా? ఊరంతా నిన్ను అంటుంటే ఎందుకు ఊకున్నవు?"

"నీ పెనిమిటి చేతిల గొడ్డలి ఉండె. బిడ్డ దవాఖానల ఉండె" అన్నాడు. "నీ పేరు ఎట్ల సెప్తనే?"

అంతే. గొర్రెలు ముందుకు పోతుంటే ఆయన వాటి వెంట పోయాడు.

ఆ పూట మా ఆయన అన్నానికి కూర్చున్నప్పుడు కంచంలో కూర వేయకముందే చెప్పాను. మొదటి నుంచి చివరి దాకా, తాత చెప్పిన మాట, నేను పూసిన పసుపు, డాక్టరు ముందు ఆడిన అబద్ధం. ఆయన కొట్టినా పడదామనుకున్నాను. కొట్టలేదు. అన్నం ముట్టకుండా లేచి చేయి కడుక్కున్నాడు. 

పొద్దున పెరట్లో చప్పుడైతే పోయి చూశాను. కంచెలో వెదురు నరికి, చీల్చి, బద్దలు చెక్కుతున్నాడు. అంచులు గాజుపెంకుతో నున్నగా గీకుతున్నాడు. మధ్యాహ్నానికి పెద్ద కట్ట అయింది. దాన్ని నా ముందు పడేశాడు.

"ఇరిసింది నేను. ఇరిపిచ్చింది నువ్వు. ఇద్దరం పోదాం, నడువు."

తాత గుడిసె ముందు కూర్చొని ఉన్నాడు. మా ఆయన తల ఎత్తలేదు. నేను కట్ట ఆయన ముందు పెట్టి కాళ్లు పట్టుకున్నాను. తాత నన్ను లేవమన్నాడు. కట్ట విప్పి ఒక్కొక్క బద్దనే వేలితో తడిమి చూశాడు. ఒకదాని అంచు గరుకుగా ఉందని పక్కన పెట్టాడు. తర్వాత రెండు చేతులూ మా ముందు చాపాడు. అవి గాలిలో నిలవకుండా ఊగుతున్నాయి.

"మంచిగ చెక్కినవు కొడుకా" అన్నాడు. "కానీ ఏడేండ్లాయె ముడి వెయ్యక. ఇగ గీ చేతులతోని మనిషికి కట్టు కట్టలేను."

ఆ బద్దలు మేమే తిరిగి ఇంటికి తెచ్చుకున్నాం.